తెల్లవారుజామున నిలిచిపోయిన పంపు

గత సంవత్సరపు వార్షికోత్సవమునాడు మేము పూర్వవిద్యార్థులతో పాటు వెనుకవరుసలో కూర్చుండియుండగా, ఈ సంచికను కూర్చు ఉపాధ్యాయులు మమ్ము జూచి, "మీరు పంపుల పనిలో నున్నారు గదా, మా పిల్లలకు దానిని గూర్చి యేదైన వ్రాసి యిండు" అని యడిగిరి. సరే యంటిమి. ఇంటికి పోయి కలము పట్టగా మొదట మాకు తోచిన వన్నియు మేము బాగుచేసిన యంత్రముల కథలే. అట్టివి పది కలవు. వానిని వ్రాసినచో మా ప్రజ్ఞ వెల్లడి యగునే కాని చదువరులకు వేరొక లాభ ముండదు. కావున మేము పొరపడిన కథ నొకదానిని వ్రాయుచున్నాము. ఇందు మన వసతిగృహపు బాలురు కూడ కష్టపడిరి గనుక వారికిది తెలియదగినదే.

ముందుగా మన నేలను గూర్చి రెండుమాటలు. పూర్వపు నల్లగొండ, మహబూబునగరు జిల్లాలు మిట్టనేలలు. ఎటు జూచినను నల్లరాతి గుట్టలు, వాని నడుమ ఎఱ్ఱమన్ను, చిన్న చిన్న చెరువులు. వాన కురిసినప్పుడే చెరువు; కురియనప్పుడు బావియే గతి. బావు లెండగా బోరులు వేసిరి. అవి యెండగా మఱింత లోతుకు దింపిరి. ఈ రాతిలో ఫ్లోరైడు ఎక్కువ. అది నీటిలో కరగి త్రాగువారి యెముకలలోనికిని పండ్లలోనికిని చేరును. లీటరు నీటిలో 1.5 మిల్లిగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి నియమము. మన యూళ్ళలో దానికి మిక్కిలి హెచ్చుగానున్న బావు లెన్నియో యుండెను. నైజాము రాష్ట్రమందలి యీ రోగమును గూర్చి 1945లోనే ఇండియన్ మెడికల్ గెజెట్టులో వ్యాసము వెలువడినది. పటికయు సున్నమును కలిపి నీటిని తేర్చు పద్ధతికి నాగపురమందలి నీరీ సంస్థవారు "నల్లగొండ పద్ధతి" యని మన జిల్లా పేరే పెట్టిరి. జిల్లాకు ప్రసిద్ధి కలుగుట మంచిదే కాని యిట్టి ప్రసిద్ధి యెవరికి కావలెను? మేము నవ్వునపుడు పెదవి కొంచెము మూసి నవ్వుదుమని మా స్నేహితు లెగతాళి చేయుదురు. మా ముందుపండ్లమీది గోధుమరంగు చారలు ఆ బావినీటివే.

నది లేదా యన్నచో, ఉన్నది. కృష్ణ మన జిల్లాల యంచునే పారుచున్నది. 1955 డిసెంబరు 10వ తేదిని నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967లో కాలువలకు నీరు వదలిరి. అయినను కాలువనీరు పల్లమునకే పారును గాని మిట్ట కెక్కదు. మనవైపునకు రావలెనన్నచో దానిని యెత్తవలసినదే. పుట్టంగండికడ ఎత్తిన నీరు అక్కంపల్లి జలాశయమునకు చేరుచున్నది. 2004 మొదలు కోదండాపురము మీదుగా హైదరాబాదునకు పోవు కృష్ణనీరును ఆ దారినే వచ్చినది. మహబూబునగరు వైపున కల్వకుర్తి యెత్తిపోతలయందు కొల్లాపురము చేరువ ఎల్లూరు పంపుగృహములో ఒక్కొక్క మోటారు 30 మెగావాట్లది. 2020 అక్టోబరులో ఆ పంపుగృహము నీట మునిగినప్పుడు, నీటిని యెత్తు యంత్రములను ఆ నీరే ముంచెనే యని జనులు విచారించిరి. 2015 జూన్‌లో చౌటుప్పలునందు మిషన్ భగీరథకు స్తంభ మావిష్కరించిన పిమ్మట ఊరూరికి గొట్టములు వచ్చినవి. గొట్టము వెనుక పంపు, పంపు వెనుక మోటారు, మోటారు వెనుక దానిని నడుపు మనుష్యుడు. కొళాయి త్రిప్పువారికి గొట్టము మాత్రమే కనబడును.

మా కథ జరిగిన పంపుగృహము ఎల్లూరు మోటారుల ముందు ఏనుగు ముందు చీమవంటిది. ఒక్కొక్కటి 90 కిలోవాట్ల మోటారులు రెండు. ఎల్లూరిలోని యొక మోటారునకు మావి మున్నూరు ముప్పది మూడు కావలెను. గుట్టక్రింద నొక గది, గది నేలక్రింద శుభ్రజలపు సంపు, గుట్టమీద ట్యాంకు. ఆ ట్యాంకునుండి పదునాలుగు పల్లెలకును, మన వసతిగృహమునకును నీరు దిగును. రాత్రి పదిగంటల వేళకు సంపు అడుగంటును. అప్పుడు పంపు నాపి, మరల నిండిన పిమ్మట తెల్లవారుజామున అయిదుగంటలకు నడుపుట పరిపాటి. అట్లు నడిపినగాని బడిపిల్లలు స్నానము చేయువేళకు కొళాయిలో నీరు రాదు.

ఆ మోటారులకు పూర్వము స్టార్‌డెల్టా స్టార్టరు లుండెను. అవి మోటారును కొలది సెకనులలోనే పూర్తివేగమునకు తెచ్చును. ఆపునప్పుడు నొక్కపెట్టుననే యాపును. అట్లాపినప్పుడు గుట్టమీదికి పోవు నీరు వెనుకకు మరలి గొట్టమును సమ్మెటతో కొట్టినట్లు కొట్టును. అతుకులు పగులుచుండెను. ఇందుకై రెండు మోటారులకును వేగనియంత్రకములను అమర్చు పని మాకు ఒప్పగించిరి. పనివారు దీనిని "డ్రైవు" అందురు. మేమును అట్లే వ్రాయుదుము.

డ్రైవు చేయు పనిని మోటతో పోల్చి చెప్పవచ్చును. ఇప్పటి పిల్లలు మోటను చూచియుండరు, తాతల నడుగుడు. ఎద్దులు వాలులో వడిగా దిగిన బాన వడిగా పైకి వచ్చును. మెల్లగా దిగిన మెల్లగా వచ్చును. మోటతోలువాడు ఎద్దుల నడకను అదుపులో నుంచినట్లు డ్రైవు కరెంటు నడకను అదుపులో నుంచును. మన కరెంటు సెకనునకు 50 ఆవర్తములు చేయును. 1888లో నికోలా టెస్లా పేటెంటు పొందిన యిండక్షన్ మోటారు ఈ ఆవర్తములనుబట్టియే తిరుగును. 120ని సెకనునకు ఆవర్తముల సంఖ్యతో హెచ్చించి ధ్రువముల సంఖ్యచే భాగించిన నిమిషమునకు చుట్లు వచ్చును. నాలుగు ధ్రువముల మోటారునకు 1500. జారుడు పోను 1480 వరకు తిరుగును. కావున వేగము తగ్గింపవలెనన్న ఆ 50ని 40గానో 30గానో చేయవలెను. డ్రైవు లోనికి వచ్చిన 415 వోల్టుల కరెంటును మొదట ఏకదిశగా మార్చును. అప్పు డది 587 వోల్టుల వఱకు నుండును. దానిని కెపాసిటరులలో నిలువచేసి, ఐజీబీటీ యను మీటలతో సెకనునకు వేలమారులు ముక్కలుచేసి, కావలసిన నడకగల కరెంటుగా మరల అల్లి మోటారున కిచ్చును. ఈ ఐజీబీటీని 1980లలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీయందు రూపొందించిన బి. జయంత్ బాలిగా గారు మదరాసున పుట్టి, అచ్చటి ఐ.ఐ.టి.లో చదివినవారు. 2024లో వారికి మిలీనియం టెక్నాలజీ బహుమానము వచ్చినది. లెక్కలన్న భయపడు బాలురు ఈ సంగతిని గుర్తుంచుకొందురు గాక.

పంపు వేగమును నూటికి ఎనుబదిగా తగ్గించినచో శక్తివ్యయము ఇంచుమించు సగమగును. ఏలయన వ్యయము వేగముయొక్క ఘనమును బట్టి తగ్గును. ఈ మాట విని కరెంటు ఆదా చేయవచ్చునని చాలమంది వేగమును తోచినట్లు తగ్గింతురు. గుట్టయెక్కు నీటివిషయమున అది చెల్లదు. పూర్తివేగమున గొట్టము మూసియుంచినప్పుడు పంపు 60 మీటరుల యెత్తునకు నీటిని నెట్టగలదనుకొందము. ట్యాంకు 40 మీటరుల మీద నున్నది. ఎత్తు వేగముయొక్క వర్గమును బట్టి తగ్గును. లెక్క వేసినచో 41 ఆవర్తములకు దిగువన ఒక్కబొట్టును పైకి చేరదు. మోటారు తిరుగుచునే యుండును, పంపులోని నీరు చిలికినట్లయి వేడెక్కును. ఇట్టి వేడినీటిని మేమొక చోట చేతితో తాకి చూచినాము.

సరి, కథకు వత్తము. వైశాఖమాసమున డ్రైవు లమర్చితిమి. పంపు మెల్లగా వేగ మందుకొని మెల్లగా నిలుచుచుండుట చూచి అందరును సంతోషించిరి. గొట్టపు అతుకులు పగులుట మానెను. మమ్ము మెచ్చుకొనిరి. వానకాలమున రెండుమూడు మారులు ఏదో కారణమున ట్రిప్పయినదని తెలిసినను మేము లెక్కచేయలేదు. కార్తికము వచ్చుసరికి ప్రతిదినమును ఫిర్యాదే. తెల్లవారుజామున బొత్తాము నొక్కగానే డ్రైవు ట్రిప్పగును. మరల నొక్కిన మరల ట్రిప్పగును. ఎనిమిదో తొమ్మిదో గంటలకు ఏ మందును లేకయే తనంత తాను బాగుపడి దినమంతయు నడచును.

మేము పోయితిమి. మధ్యాహ్నము పండ్రెండుగంటలకు పోయితిమి. ఈ గంటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను.

డ్రైవులలో తాము నిలిచిన కారణమును, కాలమును తామే వ్రాసికొను పద్దు ఒకటి యుండును. చూడగా 5 గంటల 2 నిమిషములకు "ఎర్త్ ఫాల్టు", 5-04కు ఎర్త్ ఫాల్టు, 5-07కు ఎర్త్ ఫాల్టు. ఇట్లు ఒక్కయుదయమున పదునొకండు మారులు. మూడుతీగెలలో పోయిన కరెంటు, తిరిగివచ్చిన కరెంటు సరిపోవలెను. సరిపోనిచో ఎచ్చటనో నేలలోనికి కారుచున్నదని యర్థము. మేము కరెంటు తీసివేసి పదినిమిషము లాగితిమి. కరెంటు తీసినను కెపాసిటరులలో ప్రాణము తీయగల శక్తి కొంతసేపు నిలిచియుండును. తొందరపడి మూత విప్పినవారి చేతులపై మచ్చలను మేము చూచితిమి. తరువాత మోటారు కేబులును డ్రైవునుండి విడదీసితిమి. విడదీయక మెగ్గరు పెట్టినచో దాని 500 వోల్టులు డ్రైవు లోపలి సున్నితములైన మీటలను చంపును. మోటారుకును నేలకును నడుమ మెగ్గరు పెట్టగా 60 మెగోములు చూపెను. ఒక్క మెగోమున్నను పని జరుగును, ఇది యరువది! రెండవ మోటారును అట్లే. కేబులు బాగు. డ్రైవులోని పంక, దుమ్ము వడపోత, బిగింపులు, లోనికి వచ్చు వోల్టేజి, అన్నియు బాగు.

అప్పుడు మేము తర్కించితిమి. ఒకేసమయమున రెండు డ్రైవులును, రెండు మోటారులును చెడునా? చెడవు. పగటి డ్యూటీవానికి ఒక్కనాడును ట్రిప్పులేదు. రాత్రి డ్యూటీవానికే ప్రతిదినమును ట్రిప్పు. రెండు యంత్రములకును ఉమ్మడిగానున్నది ఆ మనుష్యుడొక్కడే. పైగా నేల కడుగుటకై గొట్టముతో నీళ్ళు చల్లు నలవాటు ఆయనకు కలదు, మోటారులమీద పడవేయుచున్నాడేమో! తర్కము నూలుపోగువలె తిన్నగా నుండెను. తిన్నగా నున్నదేయని మేము నమ్మితిమి.

ఆ రాత్రి డ్యూటీవాడు అరువదేండ్లకు చేరువైన పెద్దమనిషి. వసతిగృహపు పిల్లలు ఆయనను నీళ్ళతాత యందురు. తలగుడ్డ తీసి చేత పట్టుకొని నిలువబడి, "పొద్దుగాల ఐదు గొట్టంగ రాండ్రి సారూ. పగటీలి వొస్తె ఏం గనవడ్తది?" అనెను. మాకు ఆ సాయంకాలము వేరొకచోట పనియుండెను. "చూతములే పెద్దయ్యా" యని బండి యెక్కితిమి.

మరునాడు మేము వ్రాసిపంపిన నివేదికలో, యంత్రములయందు దోషములేదు, ఆపరేటరుయొక్క అజాగ్రత్తయే కారణమై యుండునని వ్రాసితిమి. "ఉండును" అని వ్రాసితిమి గాని "అయినది" అని వ్రాయలేదని పిమ్మట మాకు మేమే సమాధానము చెప్పికొంటిమి. గుత్తదారు ఆ సూక్ష్మమును విచారింపలేదు. నీళ్ళతాతను పనిలోనుండి తొలగించి యొక పడుచువానిని పెట్టెను.

పడుచువాడు వచ్చిన మొదటి తెల్లవారుజామున 5 గంటల 1 నిమిషమునకు ఎర్త్ ఫాల్టు.

ఈ సంగతి మాకు వెంటనే తెలియలేదు. వాడు భయపడి చెప్పలేదు. ముందటివాడు దేనివలన పోయెనో వానికి తెలియును గదా. మూడువారములైన తరువాత వసతిగృహపు వార్డెనుగారు మాకు ఫోనుచేసి, "అయ్యా, తెల్లవారి నీళ్ళు రాక పిల్లలు వెనుకనున్న చేతిపంపు కొట్టుకొని త్రాగుచున్నారు, కొళాయి సంగతి మీకేమైన తెలియునా?" యని యడిగిరి. ఆ చేతిపంపు మాకు తెలియును. మేమా వసతిగృహమున నున్నప్పుడు దాని నీరే త్రాగితిమి. ఫ్లోరైడు హెచ్చని తేలిన తరువాత దానికి ఎఱ్ఱరంగు పూసిరి. ఎఱ్ఱరంగు పంపునీరు త్రాగరాదని గుర్తు. రంగు ఎన్నడో వెలసిపోయినదట. క్రొత్తగా వచ్చిన చిన్నపిల్లల కది ఎఱ్ఱదని యెట్లు తెలియును? మేము ఫోను పెట్టి, నాలుకతో పండ్లను తడవుకొని చూచుకొంటిమి.

ఆ రాత్రియే బయలుదేరితిమి. మార్గశిరమాసము. పంపు నాపిన తరువాత ఆ గదిలోనే బెంచీమీద పండుకొంటిమి. నిద్ర పట్టలేదు. క్రింద సంపులోనికి నీరు పడుచున్న చప్పుడు. మూడుగంటలకు చలి హెచ్చెను. నాలుగున్నరకు దీపము వెలిగించి చూడగా గోడలకు చెమట పట్టియున్నది. మోటారు ఇనుపకవచము మీద మంచుబిందువులు ముత్యములవలె నిలిచినవి. చేయి పెట్టితిమి, చల్లగా జారెను. కేబులు విడదీసి మెగ్గరు పెట్టితిమి. ముల్లు కదలలేదు. సున్న దాటి రెండుపదవ వంతులు. రెండవ మోటారు సున్న దాటి మూడుపదవ వంతులు. పగలు 60 చూపినవి ఇవియే.

తీగెచుట్లమీది పొర చల్లబడినకొలది దాని నిరోధము పెరుగవలెను, వేడెక్కినకొలది తగ్గవలెను. అది స్వభావము. ఇచ్చట చలిలో తగ్గి, వేడిలో పెరుగుచున్నది. ఇట్లు తలక్రిందులుగా నున్నప్పుడు తేమ తప్ప వేరు కారణముండదు. మేము పగలు చూచినది నాలుగుగంటలు నడచి, తనవేడికి తాను ఆరిన మోటారును. రాత్రి నిలిచిన మోటారు చల్లారుచు బయటిగాలిని లోనికి పీల్చును. సంపుమీద నున్న గది గనుక ఆ గాలినిండ నీటియావిరియే. చల్లని తీగెలమీద ఆవిరి బిందువులగును. ఉదయము కిటికీలోనుండి ఎండవచ్చి కొంత యారిన పిమ్మట డ్రైవు అంగీకరించును. మోటారులు రెండును ఒకే గదిలో నున్నవి. రెంటికిని ఉమ్మడిగా నున్నది ఆ గదిలోని గాలియే. గాలి కనబడదు గనుక కనబడు మనుష్యుని పట్టుకొంటిమి.

కారణము తేలినది గాని చిక్కు మిగిలెను. పోయిన సంవత్సరము కార్తికమునను ఇదే గది, ఇదే సంపు, ఇదే చలి. అప్పుడేల ట్రిప్పు కాలేదు? పాత స్టార్టరులకు ఎర్త్ ఫాల్టును పసిగట్టు నేర్పు లేదని కొంత సరిపెట్టుకొంటిమి. మనసొప్పలేదు. అంత తడిసిన మోటారును పాతది నడిపియుండినచో అది ఎప్పుడో కాలిపోయియుండవలెను.

ఇంతలో గడపవెలుపల దగ్గు వినబడెను. నీళ్ళతాత. మా బండి దీపములు చూచి వచ్చెనట. లోనికి రమ్మంటిమి. "నా డూటీ గాదు సారూ" అని గడపకావలనే నిలువబడెను. ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. నియమము చెప్పినట్లు చెప్పెను. మేమే గడప దాటి పోయితిమి. కొంతసేపు మాట రాలేదు. మోటారు తడిసినదని చెప్పగా తల యూచి యిట్లనెను: "ఇదువరకు పొద్దుగాల చెయ్యి వెడితె గోరువెచ్చగ ఉండేది సారూ, బర్రె పొదుగు తీరు. మీ కొత్త డబ్బ వొచ్చినంక సచ్చినట్టు సల్లగుంటున్నది."

ఏడుగంటలు నిలిచిన మోటారు గోరువెచ్చగా నుండుట యెట్లు? వేడి యెచ్చటినుండి వచ్చును? ఈ ప్రశ్న మాలో మేము వేసికొన్నామో లేదో, జవాబు కడుపులో రాయిపడినట్లు పడెను. మోటారు ప్రక్కనున్న చిన్నపెట్టె మూత విప్పితిమి. మూడు పెద్దతీగెలకు దూరముగా రెండు సన్నతీగెలు, కొనలకు నల్లటేపు చుట్టియున్నవి. ఆ టేపు చుట్టిన తీరు మాదే.

ఇట్టి పెద్దమోటారుల లోపల చిన్న హీటరు ఒకటి యుండును. మోటారు నిలిచినప్పుడు వెలిగి, నడచునప్పుడు ఆరును. తీగెచుట్లను చుట్టుప్రక్కలి గాలికంటె కొంచెము వెచ్చగా నుంచుటయే దాని పని. వెచ్చని వస్తువుమీద మంచు పట్టదు. పాత స్టార్టరులో దానికొక మార్గముండెను. వైశాఖమున ఆ స్టార్టరులను పెరికివేయునపుడు, గది కొలిమివలె నుండగా, చెమట కన్నులలోనికి కారుచుండగా, ఈ రెండు తీగెలు దేనివని మా సహాయకు డడిగెను. హీటరువి యంటిమి. ఈ యెండలో హీటరెవనికి కావలెనని యిద్దరమును నవ్వితిమి. టేపు చుట్టి మూత పెట్టితిమి. డ్రైవుతో వచ్చిన పటములో హీటరు గీతలేదు, మేమును గీయలేదు.

బాగుచేయుటకు గంటన్నర పట్టెను. డ్రైవులో మోటారు నడచుచున్నదని తెలుపు రిలే యుండును. మోటారు నిలిచినప్పుడు మూసికొను కొసలద్వారా హీటరునకు 230 వోల్టులిచ్చి, వెలుగుచున్నదని తెలుపుటకు పసుపుపచ్చని దీప మొకటి తలుపుమీద పెట్టితిమి. రెండింటికిని అట్లే చేసితిమి. ఆ రాత్రియు నచ్చటనే యుంటిమి. మరునాడు నాలుగున్నరకు మెగ్గరు 18 మెగోములు చూపెను. అయిదింటికి పడుచువాడు బొత్తాము నొక్కెను. అంకెలు సున్ననుండి మెల్లగా పైకిపోయి 50కి చేరెను. గొట్టములో నీరు గుట్టయెక్కు చప్పుడు విని వాడు మాకు నమస్కరించెను. మేము ప్రతినమస్కారము చేయలేదు; చేయబుద్ధి కాలేదు.

రెండవ నివేదిక వ్రాయుట మొదటిదానికంటె కష్టమయ్యెను. "హీటరు తీగెలు తొలగింపబడి యుండుటచే తేమ చేరి ట్రిప్పులు కలిగినవి" అని మొదట వ్రాసితిమి. ఇందులో అబద్ధమేమియు లేదు. మా తోడి పనివా రొకరు చూచి, ఇంతకంటె వ్రాయ నక్కరలేదు, గుత్తపని మరల దొరకవలదా యనిరి. కాని మన బడిలో మాకు తెలుగు చెప్పిన పంతులుగారు కర్మణిప్రయోగమును బోధించిన దినము జ్ఞాపకమునకు వచ్చెను. కర్తను చెప్పక వాక్యము ముగింపవచ్చునని, అది యీ ప్రయోగమునకు గల సౌకర్యమని వారు చెప్పిరి. ఆనాడు మాకు పదికి తొమ్మిది మార్కులు వచ్చినవి. కాగితము చించి, "వైశాఖమాసమున మేము ఆ తీగెలను తొలగించితిమి. ఆపరేటరు తెల్లవారుజామున వచ్చి చూడుమని కోరగా మేము పోలేదు. ఆయనపై మేము వ్రాసినది తప్పు" అని వ్రాసి, గుత్తదారునకు నొకటి, ఆయన పైయధికారులకు నొకటి పంపితిమి.

వెంటనే యేమియు జరుగలేదు. జాబు వచ్చుట కొక నెల పట్టెను. సంక్రాంతి దాటిన తరువాత నీళ్ళతాతను మరల రాత్రిడ్యూటీకి తీసికొనిరి. పోయిన దినముల కూలి మాత్రము ఇయ్యలేదు. పని చేయనిదానికి కూలియేమనిరి. లెక్కకట్టి ఆ సొమ్ము మేము తీసికొనిపోయితిమి. ఆయన గుమ్మములో మంచము వాల్చి మమ్ము కూర్చుండబెట్టి చాయ ఇప్పించెను గాని సొమ్ము ముట్టలేదు. బలవంతము చేయగా కొంతసేపు ఆలోచించి, "గా పైసలతోని ఆస్టలు ఎనక బోరింగుకు ఎర్రరంగు ఏపియ్యిండ్రి సారూ. పోరగాండ్లకు ఎర్కలే" అనెను.

రంగు డబ్బా, రెండు కుంచెలు కొనితెచ్చితిమి. ఒక శనివారము సాయంకాలము తొమ్మిదవ తరగతి బాలురు నలుగురు మాతోకూడి ఆ చేతిపంపును గీకి, తుప్పు తీసి, రెండుపూతలు పూసిరి. ప్రక్కనున్న బండమీద "ఈ నీరు త్రాగరాదు" అని తెల్లని అక్షరములతో వ్రాసినవాడు వారిలో చిన్నవాడు. వాని చేవ్రాలు బాగుండునని తక్కినవా రొప్పుకొనిరి. మిగిలిన సొమ్మునకు నీళ్ళతాత మనవరాలికి పుస్తకములు కొంటిమి. ఈ సంగతి యాయనకు చెప్పలేదు.

ఈ చలికాలమున మరల నొకమారు తెల్లవారుజామున అచ్చటికి పోయితిమి. పని యేమియు లేదు, ఊరక పోయితిమి. తలుపుమీద పసుపుపచ్చని దీపములు రెండును వెలుగుచుండెను. అవి వెలిగిన హీటరులు పనిచేయుచున్నట్లేనని ఆయనకు మేమే నేర్పితిమి. అయినను ఆయన దీపముల వంక చూడక, ముందు ఒక మోటారుమీద, తరువాత రెండవదానిమీద అరచేయి మోపి కొంతసేపు ఉంచి, అటుతరువాత పోయి బొత్తాము నొక్కెను.